నాలుగున్నరకి చూసిన వీధి

ఇల్లు చూడాల్సింది ఆదివారం పదిగంటలకి కాదని
నాకు ఆలస్యంగా తెలిసింది.

అప్పటిదాకా
బ్రోకరు దామోదరం బండి వెనక కూర్చోని
అన్నీ ఎండలోనే చూసినాను.
ఎండలో ఏ వీధైనా మంచిదే.

మొదట రేణిగుంట.
"కంపెనీకి పదినిమిషాలు మేడం,
జడ సగం ఇంట్లో, సగం గేటు కాడ ఏసుకోవచ్చు."
బాడుగ నాలుగున్నర వెయ్యి. బోరు నీళ్ళు, రవ్వంత ఉప్పన.
గూడ్సు పోతే గోడకుండే క్యాలెండరు ఊగింది.
సందు చివర ముళ్ళకంప.
దాని అవతల ప్లాట్లు, సున్నం కొట్టిన రాళ్ళు,
మనిషే లేని వీధులకి ముందుగానే పెట్టిన పేర్లు.

తిరుచానూరు దావలో ఇల్లామె
చింతపండులో పిక్కలేరినట్టు నన్ను చూసి
"మీరేమిట్లమ్మా?" అనింది.
చెప్పినాను.
బాత్రూములో కొళాయి కారతా ఉండాదంట,
బాగుచేయించి ఫోను చేస్తానని నంబరు రాసుకునింది.
మూడేండ్లయింది.
పాపం, ఎన్ని నీళ్ళు పోయినాయో.

మంగళంలో లిఫ్టు కూడా ఉండాది.
బాడుగలో మిగిలే వెయ్యిన్నరా
బస్టాపు దాకా ఆటోలకి సరిపోతాది.

నాలుగోది కొర్లగుంట.
మేడ మీద ఒకటిన్నర గది, ఏడువేలు.
వంటింట్లో వంగితే వెనక గోడ తగిలింది.
వద్దన్నాను.
చెంగల్రాయుడు ఏమీ అనలేదు.
మందులంగడి మూసి ఆయన వచ్చేసరికి పదిన్నర,
నేను లేచేది మూడూముక్కాలుకి.
మా ఇద్దరికీ కలిసొచ్చే మెలకువ నలభై నిమిషాలు.
దానికి ఎన్ని గదులు కావాల?

ఆ వారమే మోహనవల్లి పని మానేసింది.
లైన్లో నా పక్క కుర్చీ,
ఆవగింజంత కెమెరా కంట్లో నలుసు పట్టుకునే చూపు.
స్టాపుకి నడిచే దారిలో రోజూ ఎవడో
బండి స్లో చేస్తాడంట.
ఏమీ అనడంట.
స్లో చేస్తాడంతే.

ఆ రాత్రి అలారం ఇంకా ముందుకి జరిపినాను.
మూడు తెల్లారుజాములు, మూడు వీధులు.
మొగుడు బండి ఆపి కూడా వస్తానంటే
వద్దు, మలుపు కాడే ఉండు అన్నాను,
నువ్వు పక్కనుంటే ఏ వీధైనా మంచిదే.

మంగళంలో కుక్కలు. సరే, కుక్కలకి బిస్కెట్లుండాయి.
రేణిగుంటలో నా చెప్పుల చప్పుడు
నా వెనకాలే వచ్చింది.
రెండుసార్లు తిరిగి చూసినాను,
నా చప్పుడేనని తెలిసి కూడా.

కొర్లగుంటలో
అప్పటికే ఎవరో వాకిలి కడిగినారు, నీళ్ళు తొక్కినాను.
తులసి మూటలు ఆటోలోకి ఎత్తతా ఉండారు.
బోడిగుండ్లకి గంధం పూసుకున్న ఒక కుటుంబం
దారి తప్పి, అరవంలో బస్టాండు అడిగింది.
నాకొచ్చిన నాలుగు మాటల్లో చెప్పినాను.
ఇడ్లీ కుండ మూత తీసినామె
ఆవిరిలోంచే కేకేసింది:
"ఎవురు మే నువ్వు, కొత్తా? యా బస్సు?"
కంపెనీ బస్సక్కా.
"అయిదుకొస్తాది.
ఈడ నిలబడు, ఈడ వెలుతురుండాది."

అడ్వాన్సు లెక్కపెట్టుకుంటా దామోదరం అడిగినాడు:
దూరం జాస్తి, బాడుగ జాస్తి, గది చూస్తే అగ్గిపెట్టె,
ఏం చూసి ఒప్పుకున్నారు మేడం?
ఇంటిని నేను చూళ్ళేదన్నా.

మోచేయి ఇంకా ఆ గోడకి కొట్టుకుంటానే ఉండాది.
బస్సులో ముప్పావుగంట, సగం నిద్ర.
రేణిగుంట వచ్చేసరికి ఎందుకో మెలకువొస్తాది.
అద్దంలో ముళ్ళకంప, తెల్లరాళ్ళు.
నెలరోజులుగా ఆ సందులో
ఒక లైటు వెలగతా ఉండాది,
తీగ మీద నీలం యూనిఫారం, మా కంపెనీదే.
ఎవరో చేరినట్టుండారు.
ఆ పిల్ల
ఎన్నింటికి బయల్దేరుతాదో.